పన్నెండో నంబరు

కాటేదాన్‌లో పొద్దున ఏడింటికే
రస్కుల ఓవెన్ గదిలో పెదాలు ఎండిపోతాయి.
గోడకు నాలుగు రంధ్రాలు వేసి
పన్నెండు ఛానళ్ల టెంపరేచర్ మానిటర్ బిగించాను.
ముందు చూస్తే పలక లాంటి ముఖం, నాలుగు బటన్లు.
వెనక, తలంటుకు విప్పిన జడలా వైర్లు.

పదకొండు థర్మోకపుల్స్ ఓవెన్ ఒంట్లోకి దించాను.
పొగగొట్టం మెడలో ఒకటి,
బర్నర్ల పక్కటెముకల్లో మూడు,
మిగతావి కన్వేయర్ పొడవునా.
ప్రతి వైరుకూ తెల్ల టేపు చుట్టి నంబరు రాశాను.
చెమట తగిలి మూడు ఎనిమిదైంది, మళ్లీ రాశాను.

గఫూర్ సాబ్ స్టూలు మీంచి లేవలేదు.
ఇరవై ఆరేళ్లుగా ఈ ఓవెన్ నాడి చూసేది ఆయనే.
తలుపు సందులో చెయ్యి పెట్టి తీసి
"ఇంకో బీడీ సేపు" అన్నాడంటే
ఇంకో బీడీ సేపే.
"గీ డబ్బా నాకంటే ముందుగాల చెప్తదా, బేటీ?"
"ముందు కాదు సాబ్.
ఒక్కో జాగకూ వరసగా పోయి అడిగొస్తది.
మీకు చెయ్యి ఒక్కటే కదా."

స్విచ్ వేశాను.
ఏ రకం సెన్సరని అడిగింది, కె అన్నాను.
దశాంశాలు వద్దన్నాను, రస్కుకు అంత లెక్క అక్కర్లేదు.
అన్నీ ముప్పై నాలుగు చూపించాయి.
వెలిగించని ఓవెన్‌కు సొంత అభిప్రాయం ఉండదు.

మంట పెట్టాం.
ఎనభై, నూట పది, నూట అరవై...
అంకెలు మెట్లెక్కుతుంటే
ఏడోది ఒక్కటే దిగడం మొదలుపెట్టింది.
ఇరవై, సున్నా, మైనస్ నలభై.
"ఏడో నంబరు కాడ కశ్మీర్ ఉందా?"
గఫూర్ సాబ్ భుజాలు కదిలేలా నవ్వాడు.
మాన్యువల్ తిప్పాను. ఈ కంపెనీ తీగల్లో ఎర్రది మైనస్.
ఎరుపు కనబడితే ప్లస్‌కు పోవడం నా వేళ్ల పాత అలవాటు.
తీగలు మార్చాక ఏడోది కూడా దారికొచ్చింది.

"గింత సన్న తీగకు వేడి ఎట్ల తెలుస్తదక్కా?"
హెల్పర్ బాలనర్సు అడిగాడు.
దానికి వేడి తెలియదురా, తేడా తెలుసు.
ఆ కొసకూ ఈ కొసకూ మధ్య
నాలుగు మిల్లీవోల్టుల పేచీ.
తాను నిలబడ్డ చోట వేడెంతో చూసుకుని
దాన్ని కలిపి చెబుతుంది.
అందుకే వెనక మూత తెరిచి
కూలర్ గాలి తగలనిస్తే లెక్క తప్పుతుంది.
"అంటే, తన ఒంటి సంగతి తెలవకుంటే
పక్కోడి జ్వరం తెలవదన్నమాట"
అన్నాడు గఫూర్ సాబ్.
మాన్యువల్‌కు ఈ మాట చెప్పడానికి ఎనిమిది పేజీలు పట్టింది.

రెండొందల నలభై దాటితే అలారం.
ఐదు డిగ్రీలు దిగాకే నోరు మూయాలి.
ఆ సందు ఇవ్వకపోతే
అంచు మీద నిలబడి ఆగి ఆగి అరుస్తుంది
మా మేనత్తలాగా.

మిగిలింది పన్నెండు.
ఓపెన్, ఓపెన్, అని మిటకరిస్తోంది.
ఖాళీ ఛానల్‌ను స్కిప్‌లో పెట్టమంటుంది మాన్యువల్.
బటన్ మీద వేలు పెట్టి
ఎందుకో కిటికీలోంచి చూశాను.

రేకుల షెడ్డు కింద ప్యాకింగ్.
లచ్చవ్వ కొంగుతో మెడ తుడుచుకుంటోంది.
అంజుమ్ తాగిన సీసాలోని చివరి నీళ్లు
మణికట్ల మీద పోసుకుంటోంది.
ఉన్న ఒక్క ఫ్యాన్
సీలింగ్ మిషన్ వైపు తిరిగి ఉంది, అది వేడెక్కకూడదని.

తొమ్మిది మీటర్ల వైరు మిగిలింది, ఒక సెన్సరు కూడా.
కిటికీలోంచి లాగి
లచ్చవ్వ నెత్తి మీది ఇనప దూలానికి కట్టాను.
"మాకు గూడ జ్వరం చూస్తవా బిడ్డా?" అంది, చేతులు ఆపకుండానే.

మధ్యాహ్నం రెండింటికి: నలభై మూడు.

మేనేజర్ వచ్చి వేలితో లెక్కపెట్టాడు.
"పన్నెండోది ఏ జోను?"
"ప్యాకింగ్ సార్."
"అక్కడేం కాల్చడం లేదు కదా!"
బాలనర్సు నా ముఖం చూశాడు.
గఫూర్ సాబ్ చెవి మీది బీడీ తీసి
మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు.
ఆయన తీసేయమని అనలేదు,
ఉంచమనీ అనలేదు.

సాయంత్రం స్పానర్లు సర్దుకుంటూ
పన్నెండోదానికి అలారం ముప్పై ఎనిమిది దగ్గర పెట్టాను.
వెంటనే లోపల రిలే టక్కుమంది.
దాని కొసకు ఇంకా ఏదీ తగిలించలేదు.
బజరా, ఇంకో ఫ్యానా,
రేపు మళ్లీ రావాలి.