పాతర

సర్జాపుర దాటాక, రెండు బేస్‌మెంట్లకు తవ్వకం మొదలైన మూడోనాడు
నరసోబుళు జేసీబీ పన్ను ఒక బండకు తగిలింది.
బండ పక్కకు జరిగింది.
కింద నేల లేదు.

వాడు ఇంజన్ ఆపి దిగాడు.
వాడిది మడకశిర, నాది పలమనేరు పక్క పల్లె.
ఇద్దరం ఒక్కసారే అన్నాం: పాతర!

సన్నటి మెడ, కింద ఏనుగు కడుపు.
మెడ చుట్టూ ఎర్రమన్ను మెత్తినచోట
వేళ్ళ అచ్చులు. చిన్న వేళ్ళు.
ఫోన్ లైటు వేస్తే అడుగున మాగిపోయిన గడ్డి,
గడ్డి మీద నాలుగైదు దోసిళ్ళ రాగులు,
నల్లగా,
ఎవరో మళ్ళీ వస్తానని వదిలేసినట్టు.

నేను ఈ సైట్‌లో స్టోరు గుమాస్తాని.
సిమెంటు ఇన్ని బస్తాలు, కమ్మీ ఇన్ని టన్నులు,
వచ్చింది, పోయింది, మిగిలింది.
ఆ గుంత అంచున గొంతుక్కూర్చుంటే
నా రిజిస్టరు పుట్టిల్లు చూసినట్టయింది.

ఏ పూటకాపూట ఏరుకు తిన్నవాడికి
దాచేదేముంది, దోచేదేముంది?
గింజ మిగిలింది చూడు, అప్పుడు మొదలైంది.
ఒకడు గుంత తవ్వాడు. మూత పెట్టాడు.
మూత మీద మన్ను, మన్ను మీద మంచం.
మంచం మీదివాడు కావలివాడయ్యాడు,
వాడి సంగటికి ఇంకొకడి చేను కావలసి వచ్చింది.
ఎవరిదెంతో గుర్తుండక గోడ మీద గీతలు గీశారు.
గీతలు చదవడం వచ్చినవాడు
ఎండలోకి దిగడం మానేశాడు.
(వాడే మా మూలపురుషుడు. నా అరచేతులు ఇప్పటికీ మెత్తన.)
ఇంకొన్నాళ్ళకు గుర్రాల మీద వచ్చారు కొందరు.
సగం మాకు కొలవండి, అన్నారు,
తక్కిన సగం ఎవరూ ఎత్తుకుపోకుండా చూస్తాం.
ఎవరు ఎత్తుకుపోతారని అడిగితే
కత్తులు తుడుచుకుంటూ నవ్వారట.

"ఎవరన్నా దిగి ఒక గుప్పెడు తెండి" అన్నాడు ఇంజనీరు.
"లాబీలో గాజు సీసాలో పెడదాం, బాగుంటుంది."

ఎవరన్నా, అన్నాడు గానీ
మా కళ్ళన్నీ కమ్మీ కట్టే హనుమేశు వైపే తిరిగాయి.
రాయచూరు పిల్లాడు. పంతొమ్మిదేళ్ళు.
వాడు అప్పటికే ప్యాంటు మడుస్తున్నాడు.

గేటు కాడ టీ కాచే మునియల్లమ్మ
గ్లాసులు అక్కడే పెట్టేసి వచ్చింది.
"దిగొద్దురా అప్పయ్యా. ముందు దీపం దిగనీ."

కొవ్వొత్తిని బైండింగ్ వైరుకు కట్టి దింపింది.
మెడ దాటేదాకా నిలువుగా వెలిగింది.
తర్వాత మంట వంగింది, నీలంగా అయింది,
ఎవరూ ఊదకుండానే పోయింది.

హనుమేశు ప్యాంటు మడతలు విప్పుకున్నాడు.

"లోపల గాలి చచ్చిపోయుంటాది" అంది ఆమె
వైరు చుట్టుకుంటా.
"మా అవ్వ తమ్ముడు ఇట్లే పోయినాడు,
గౌడోళ్ళ పాతరలో, కరువు ఏడు.
పాతర తెరిచే దినం తప్పెట కొట్టాల,
కొట్టేది మేమే.
లోపలికి దిగాల, దిగేదీ మేమే.
ఊరందరికీ కొలిచినాక అడుగున ఊడిస్తే వచ్చేది,
అది మా వంతు."

కోపంగా కూడా చెప్పలేదు.
టీ ధర చెప్పినట్టు చెప్పింది.

ఇంజనీరు వాచీ చూసుకుని పూడ్చేయమన్నాడు.
ఎలాగూ రేపు పదడుగులు లోతుకు పోయేదే,
ఇవాళ పూడ్చడం దేనికో నాకర్థం కాలేదు.
నరసోబుళు మాత్రం బండను మెల్లగా,
నిద్రపోయే బిడ్డ మీద దుప్పటి లాగినట్టు
యథాస్థానానికి జరిపి,
అప్పుడు మన్ను పోశాడు.

సాయంత్రం రిజిస్టరు తెరిచాను.
రాగులకు అందులో గడి లేదు.
వేళ్ళ అచ్చులకూ లేదు.
చాలాసేపు పెన్ను పట్టుకుని, చివరికి ఇంతే రాశాను:

కొవ్వొత్తి, ఒకటి.
మునియల్లమ్మకు మనం బాకీ.