బోర్డు రాసేటోడు

ఢిల్లీల ఉండేది పట్నం దాకా ఒచ్చిందన్నరు,
పట్నంల ఉండేది భూపాలపల్లి దాకా ఒచ్చిందన్నరు.
నీలం మీద తెల్లరంగుతోని నేనే రాసిన:
"జిల్లా కలెక్టర్ కార్యాలయము".

'ము' కాడ కుంచె ఆగింది.
రెండు బస్సులు మారి, హన్మకొండ మెట్ల మీద
సద్ది విప్పుకొని పడిగాపులు గాసిన మా అవ్వ
ఇప్పుడైతే నడిచే ఒచ్చేది.

పింఛన్ కాయితం పట్టుకొచ్చిన ఓదెలు కాక
తడి అచ్చరాన్ని వేలుతోని ముట్టి చూసిండు.
"ఇగ సంతకం ఈడనే పెడ్తరా, బిడ్డా?"

నా కూలి బిల్లు అడిగితే
క్లర్కు సారు నవ్విండు:
"పైకి పంపినం."
పై అంటే ఎంత పైన?

రెండు ఆనలకే పెచ్చులూడి
కింద పాత అచ్చరాలు తేలినయి:
"వరంగల్ జిల్లా".
మల్ల నన్నే పిలుస్తరు.
డబ్బా మూత ఇంకా పెట్టలే.