డెబ్బై అక్షరాలు

యంత్రానికి ఒత్తులు కూడా అక్షరాలే.
గుడి, దీర్ఘం, కొమ్ము, సున్నా,
మాటకీ మాటకీ మధ్య వదిలిన ఖాళీ కూడా.
అమ్మ అంటే నాలుగు.
బిడ్డ అంటే అయిదు.
డెబ్బై దాటితే రెండో మెసేజీ, రెండో ఖర్చు
అంటాడు పైఆఫీసు కుర్రాడు.

గుంటూరు పెద్దాసుపత్రి వెనక మేడ మీద
ఫ్యాను తిరిగితే బల్ల ఊగే గదిలో కూర్చుని
బాలింతలకు మాటలు పంపుతాను.
పద్దెనిమిదేళ్ళు సూదిమందు వేసిన చెయ్యి,
ఇప్పుడు కొమ్ములు లెక్కపెడుతోంది.

మొదట్లో మాటలు పైనుంచే వచ్చేవి:
"ప్రసవానంతరం ద్రవాహారమును అధికముగా స్వీకరించవలెను."
ఎవరు స్వీకరిస్తారు?
చుట్టుగుంటలో సలోమి వాళ్ళ అత్త
పచ్చి ఒళ్ళు, నీరు పడుతుందని
చెంబుని అటకెక్కించి కూర్చుంది.
ఆమెను దులిపేస్తూ ఒకటి రాశాను. చెరిపేశాను.
"పెద్దమ్మా, వామునీళ్ళు కాచి ఇవ్వు.
చెంబుడు చాలవు, మూడు."
ఫోను ఎటూ అత్త కొంగులోనే ఉంటుంది, ఆమే చదివించుకుంది.
చెంబు దిగింది.

ఆనందపేట షంషాద్ నంబరు
ఆమె మొగుడి జేబులో ఉంటుంది,
జేబు రోజంతా ఆటో తోలుతూ ఉంటుంది.
పాలు గడ్డకడితే ఏం చెయ్యాలో నేను రాసింది
బస్టాండు దగ్గర నలుగురి మధ్య వెలిగింది.
మూడు రోజులు ఫోను కట్టేశాడు.
ఇప్పుడు రాత్రి పదిన్నరకి పంపుతాను,
అతను ఛార్జింగుకి పెట్టి పడుకున్నాక.
చిల్లా నలభై రోజులూ గడప దాటని మనిషికి
"పొద్దున కాసేపు బయట నడవండి" అని వెళ్ళిందొకసారి.
ఆడబిడ్డ జవాబు కొట్టింది:
ఎక్కడ నడవాలి మేడం, మా గది ఏడడుగులు.
ఆ ఏడూ నడవమన్నాను.
ఇంకేం అనాలో తెలియక.

నల్లపాడు దాటాక ఇటుకబట్టీలో కుంతలా.
ఒడిశా నుంచి నిండు నెలలతో రైలు దిగింది.
వాళ్ళ అక్షరాలూ గుండ్రమే, మావీ గుండ్రమే,
అయినా ఒకటి ఇంకోదానిలోకి దూరదు.
ఆమెకు అక్షరాలు మానేసి రింగులు నేర్పాం.
ఒకటి కొట్టి పెట్టేస్తే బాగున్నాను.
రెండు కొడితే రండి.
ఆ నెలంతా ఒకటే, ఒకటే, ఒకటే.
ఒక తెల్లవారుజామున రెండు.
విమల చీర మార్చుకోకుండానే స్కూటీ తీసింది.
జ్వరం నూటమూడు.

హస్లీబాయి మాత్రం నేరుగా మేడెక్కి వచ్చేసింది.
మాచర్ల అవతలి తండా నుంచి దిగి
యార్డు పక్క షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీస్తుంది.
చంకలో బిడ్డ, రెండున్నర నెలలు.
మూతి చుట్టూ ఎర్రగా వాచిన గీత.
"పాలిచ్చే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి."
అందరికీ వెళ్ళేది ఆమెకీ వెళ్ళింది.
"కడిగినా. నీ సబ్బుతోనే కడిగినా.
మంట పోద్దా సబ్బుకి?
నువ్వెప్పుడన్నా కాయ ముట్టినావా?"

గుంటూరులో పుట్టినదాన్ని.
ఆవకాయ కలిపిన రోజు మా అమ్మ
మోచేతుల దాకా నూనె పట్టించుకుని
అది ఇంకేదాకా నన్ను ఎత్తుకునేది కాదు.
వరండాలో నేను ఏడుస్తుంటే
దూరం నుంచే పాట పాడేది.
ఇంత తెలిసి,
ఆ నూనె ఒక్క మెసేజీలోకీ ఎందుకు రాలేదో
బిడ్డ మూతికి మందు రాస్తూ ఆలోచించాను.
ఆమె నన్ను కాదు, నా చేతుల్ని చూస్తోంది.

ఆ రాత్రి ఇంట్లో, కాగితం మీద:
"హస్లీబాయి, తొడిమలు తీసి వచ్చావా?
ముందు నూనె, తర్వాత సబ్బు, ఆపైన పాలు."
వేళ్ళతో లెక్కపెట్టాను. అరవైతొమ్మిది.
యంత్రమూ అదే అంది.
ఇంకొక్కటి పడుతుంది.
ఏం పెట్టాలో తోచక వదిలేశాను.

షెడ్డు వదిలే వేళకి, అయిదున్నరకి వెళ్ళేలా పెట్టాను.
ఆ షెడ్డులో పాలిచ్చే తల్లులు ఇంకో పదకొండుమంది,
పేరు మార్చినప్పుడల్లా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

ఆరూ పదికి జవాబు.
పక్కింటి నాలుగో తరగతి పిల్లాడి చేత కొట్టించి ఉంటుంది.
ఒకే ఒక్క అక్షరం:

ఊ