ఎవరూ పొయ్యని నూనె

కాశిమేడు రేవు. రాత్రి రెండున్నర.
"చంపినా చావటం లేదు బావూ" అన్నాడు
ఫోనులో కొర్లయ్య.
వెనకాల ఇంజను మోత, అతని మాట మీద ఎక్కి తొక్కుతూ.

లుంగీ మీదే వెళ్ళాను.
స్పానర్ల సంచీ, టార్చి,
రాయపురం వంతెన కింద టీ కూడా తాగకుండా.

స్టాప్ తీగ చూశాను. తెగలేదు.
పంపు మీద మీట ఆపు దగ్గరే ఉంది, బుద్ధిగా.
టాంకు కుళాయి కట్టేశాను.
గొట్టం విప్పితే చుక్క రాలేదు.
అయినా ఆడుతోంది.
ఆడటం కాదు, రేగుతోంది.
పలకలు అదురుతున్నాయి,
మేకుకి తగిలించిన సత్తు గ్లాసు అదురుతోంది,
పొగ మాత్రం నీలంగా, తీరుబడిగా,
పక్క బోట్ల మీదికి పోతోంది.

నీలం పొగంటే నూనె.
కూడు ఆపేస్తే
తన ఒంటి కొవ్వు తానే తింటోందన్నమాట.

"గాలి మూసెయ్యాలి!"
అన్నానో లేదో, కుర్రాడు గురుమూర్తి
గాలిమూతి మీద చెయ్యి పెట్టబోయాడు.
ఒరే, తియ్!
నాకు పని నేర్పిన సెల్వమణి మేస్త్రికి
కుడి అరచేతిలో గుండ్రటి మచ్చ ఉండేది,
రూపాయి బిళ్ళంత కాదు, పూరీ అంత.

ఐసుపెట్టె మూత తెచ్చి ముగ్గురం అదిమాం.
ఇంజను ఒక గుటక వేసింది.
ఇంకోటి.
తర్వాత రేవంతా వినపడింది:
నీళ్ళు చెక్కని నాకటం,
దూరంగా ఎవరో వల దులపటం,
కొర్లయ్య ఊపిరి.

అసలు పని అప్పుడు మొదలైంది.

నూనె కడ్డీ తీశాను.
గీత మీద నాలుగు వేళ్ళెత్తు.
తుడిచి మళ్ళీ ముంచాను. అంతే.
"ఇంత ఎవడు పోశాడు?"
"ఎవరూ పొయ్యనేదు. మూడు వారాలై డబ్బా మూత తియ్యనేదు.
తగ్గాల్సింది పెరుగుతంది బావూ.
ఓనరుతో చెప్పినాను.
నూనె తాగని ఇంజను, లక్ష్మీ అన్నాడు."

రెండు వేళ్ళ మధ్య రాశాను.
పలచన, నీళ్ళ మజ్జిగలా.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
డీజిల్.

తెల్లారేదాకా పంపు విప్పాను.
లోపలి పొర మీద చీలిక,
కంటికి ఆనలేదు, గోటికి ఆనింది.
అందులోంచి చుక్క చుక్క
డీజిల్ ఇంజను పొట్టలోకి దిగి,
నూనెలో కలిసి, పొంగి,
ఊపిరిగొట్టం ఎక్కి మళ్ళీ గాలిమూతిలోకి.
ఇక ఏ మీటతోనూ పని లేదు దానికి.

ఏడింటికి అరుళానందం వచ్చాడు,
తెల్ల చొక్కా, జేబులో వేలం చీటీలు.
రోజుకి రెండు లీటర్లు లెక్క తేలటం లేదని
నెల నుంచి కొర్లయ్య వాటాలో కోస్తున్నాడు.
ఆయనకి తెలుగులో వచ్చిన మాట ఒక్కటే, దొంగ.
దీని కోసమే నేర్చుకున్నాడు.

ఆరు లీటర్లు పట్టే పొట్టలోంచి
పదకొండు దింపాను, ఆయన ముందే, కొలిచి.
"ఇదీ మీ డీజిల్."

వేలు ముంచాడు. వాసన చూశాడు.
పెదాలతో లెక్క వేసుకున్నాడు.
"మిచ్చం?" అన్నాడు.

మిగతాది.
మిగతాది పొగైంది.
రేవు మీద, పక్క బోట్ల మీద,
ఎవరి ఇంటి ముందో ఆరేసిన దుప్పట్ల మీద పోయింది.
దాన్ని ఏ డబ్బాలో పట్టి చూపించను?

కొర్లయ్య ఏమీ అనలేదు.
కొత్త పొర బిగించాక
కొత్త నూనె తనే పోశాడు, ఆగి ఆగి.
కడ్డీ తుడిచాడు, ముంచాడు, తీశాడు,
మాట లేకుండా
ఓనరు చేతిలో పెట్టాడు.

ఆయన పట్టుకున్నాడు గానీ
ఎక్కడ చూడాలో తెలియలేదు.