రుసుము లేదు

మా తాత కొల్లాటి పోలయ్య
రాజోలు ఎగువ లాకుల దగ్గర లస్కరు.
ఆయన వదిలిపోయిన ఆస్తి ఒక రిజిస్టరు.
అట్టంతా చెదలు తిన్నాయి,
లోపలి కాగితాలు ఎందుకో రుచించలేదు వాటికి.

పడవ. యజమాని. సరుకు. వేళ. రుసుము.
కొబ్బరికాయలు రెండు వేలు, ఆరణాలు.
ధాన్యం నలభై బస్తాలు, ఎనిమిదణాలు.
పెళ్ళివారి పడవ, నాలుగణాలు
(పక్కనే ఇరికించి: డోలువాడు అలిగి గట్టున నడిచాడు).

పంతొమ్మిదివందల పదకొండు, కార్తీకం, పొద్దెక్కాక:
పిల్లారిష్టు దొరగారి పడవ.
సరుకు, దొరగారు.
రుసుము లేదు.

ఆ పేరు పెల్‌హర్స్ట్ అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.
ఏదో సంస్థానం లాంటి ఇంటికి రెండో కొడుకు,
ఇరవయ్యారేళ్ళు, ఎండకి ముక్కు మీద తోలు లేచింది.
పార్లమెంటుకి నిలబడబోయేముందు
మా దేశాన్ని ఒకసారి చూసి రమ్మన్నారట,
పెళ్ళిచూపులకి పంపినట్టు.

తాత చెప్పేవాడు:
కింది తలుపులు మూశాం. పై తూము ఎత్తాం.
చక్రం దగ్గర నలుగురం, వీపులు విల్లులయ్యాయి.
నీళ్ళు గుప్పున దూకాయి లోపలికి.
పడవ లేచింది, దొర లేచాడు,
చేతిలో కప్పు తొణకలేదు.
మా పాదాలకింద ఉన్న టోపీ
చూస్తుండగానే మా కళ్ళకెదురుగా వచ్చి
ఏదో అంది.
‘భేష్ అంటున్నారు’ అన్నాడు తాసీల్దారు గుమాస్తా.

ఆ తర్వాత ఆయన ఎక్కిందంతా
అలాగే ఎక్కాడేమో.
నాన్న కౌలుదార్లున్న ఊళ్ళు, నాన్న చెప్పిన ఓట్లు,
ఎదురు నిలబడ్డవాడు నామమాత్రం.
నరసాపురం మిషను బడి దావీదు మాస్టారు
పాత పత్రికలు తెచ్చి లాకుల అరుగు మీద చదివేవాడు:
మీ దొర గెలిచాడు పోలయ్యా.
మీ దొర ఇండియా ఆఫీసులో చిన్న మంత్రి.
మీ దొర ఓడాడు.
అన్న గుర్రం మీంచి పడి పోయాడు, బిరుదు ఈయనకొచ్చింది,
ఇక ఓట్లతో పనిలేని సభలో కూర్చుంటాడట, చచ్చేదాకా.
‘అంటే కాలువ కట్టేసినా
ఆ పడవకి నీళ్ళుంటాయన్నమాట’ అన్నాడట తాత.

ఒకసారి సభలో లేచి, మా డెల్టా పేరెత్తాడు:
ఆ రైతుల్ని నేను స్వయంగా చూశాను,
నిండుగా ఉన్నారు, ఇంకొంచెం ఇవ్వగలరు.
మరుసటేడు నీరుతీరువా పెరిగింది.
ఆ మాట వల్లేనని దావీదు మాస్టారు,
కాదు, అది ఎప్పుడో రాసిపెట్టి ఉందని ప్లీడరు గుమాస్తా.
వాళ్ళిద్దరూ చనిపోయేదాకా తేల్చుకోలేదు.
తాతకున్న అరెకరం మాత్రం
ఆ యేడే చేయి మారింది.

తిడతాడనుకుంటాం కదా. తిట్టేవాడు కాదు.
ఒక సంగతి అడ్డమొచ్చేది ఆయనకి.
పడవ పైకొచ్చాక దొర గట్టు మీదికి దూకాడట,
కోటు విప్పి గుమాస్తా భుజాన వేసి
తాత పక్కన నిలబడి చక్రం పట్టుకున్నాడట.
పావు చుట్టు తిప్పాడు.
అరచేతులు ఎర్రగా కందిపోతే చూసుకుని
చిన్నపిల్లాడిలా నవ్వాడు.
ఇంకో చుట్టుకి వంగుతుంటే
‘తప్పు దొరా, తప్పు’ అని గుమాస్తా
చేతులు విడిపించి పడవెక్కించాడు.
‘నిజానికి ఆ తెల్లోడు తిప్పేవాడే’ అనేవాడు తాత,
చుట్ట ఆరిపోయేదాకా ఏమీ అనకుండా ఉండి.

ఇప్పుడు లాకుల్లో గుర్రపుడెక్క.
తలుపులు తుప్పుపట్టి సగం తెరుచుకుని ఆగిపోయాయి.
లారీలు వంతెన మీంచి పోతుంటే
చక్రం ఊరికే వణుకుతుంది.

దొర పోయిన కబురు మాకు తెల్లదొరలంతా వెళ్ళిపోయాక వచ్చింది.
ఆ రాత్రి కాబోలు, తాత రిజిస్టరు తీశాడు.
‘రుసుము లేదు’ మీద అడ్డంగా ఒక గీత.
కింద, పెన్సిలుతో, వణికే అక్షరాల్లో:

ఆరణాలు బాకీ.
పావు చుట్టు మినహా.