పొత్తు

మా కట్టమంచి బోరునీళ్ళు
పప్పును ఉడకనియ్యవు.
హీటరు కడ్డీకి ఆర్నెల్లకొక సున్నపు తొడుగు,
తలకి పోసుకుంటే వెంట్రుకలు టెంకాయ పీచు.
ఆ నీళ్ళే కావాలంటాయి ఈ చేపలు.

మోటార్లకు తీగ చుట్టే అంగడి నాది.
కాలిన స్టేటర్ల వాసన, వార్నిషు డబ్బాలు,
నడుమ నాలుగడుగుల గాజుతొట్టి.
"రాగి ఈ ధర పలకతా ఉంటే చేపలేందబ్బా నీకు?"
అంటాడు చెంగల్రాయుడు.
అంటానే మేత తనే వేస్తాడు.

మొదట దస్తగిరి ఫ్లవర్‌హార్న్ అంటగట్టినాడు.
నెత్తిన బొప్పి, అది పెరిగితే అదృష్టమంట.
బొప్పి మాత్రం పెరిగింది.
పక్కన వదిలిన ప్రతి చేపకూ
తెల్లారేసరికి తోక ఉండేది కాదు.
కడకు దానికి తోడు ఒక చేతి అద్దం.
దినానికి పది నిమిషాలు
తన మీదికే తను దూకి దూకి
అలిసి నిద్రపోయేది.
తీసకపోయి వాడికే ఇచ్చేసినా.

ఆ మీట నేర్చుకున్నా, చావుకొక పాఠం.
నియాన్లు వద్దు,
వాటికి వాననీళ్ళంత మెత్తన కావాల,
పైగా నోట్లో పట్టే కొలత.
ఆస్కార్ వద్దే వద్దు.
కాన్విక్ట్ చూడ్డానికి వేలెడంత,
గుడ్లు పెట్టిందంటే
తొట్టంతా తన పట్టా అంటాది.
ఏంజెల్‌కి పైట పొడుగు,
కొరికి చూడాలనిపిస్తాది ఎవరికైనా.

ఇప్పుడుండేది
ఒక ఫైర్‌మౌత్ జంట,
ఇసక మీద పసుపు ముద్దల్లాగా రెయిన్‌బో సిక్లిడ్లు నాలుగు,
మీదంతా ఊరేగే స్వోర్డ్‌టైళ్ళు,
రాయి నాక్కుంటా మీసాల ప్లెకో.

ఫైర్‌మౌత్ మగదానికి కోపమొస్తే
గొంతు కింద కుంకుమ సంచి ఉబ్బిస్తాది,
చెంపలు విప్పి రెండు దొంగకళ్ళు చూపిస్తాది.
అవతలిది పక్కకు జరిగితే చాలు,
సంచి మడిచి
ఇసక జల్లించుకుంటా పోతాది.
నాలుగేళ్ళలో ఒక్క కాటు నేను చూళ్ళా.

చెంగల్రాయుడూ ఆ జాతే.
వాడి అరుపులకు ముగ్గురు కుర్రోళ్ళు పరారు.
నాలుగోసారి ఐటీఐ పిల్ల హేమావతి వచ్చింది.
వాడు అరిచినంతసేపూ ఉండి,
"రెండో కాయిలు కాడ వినపళ్ళా అన్నా,
మళ్ళా చెప్పు" అనింది.
వార్నిషు కుంచె వాడి చేతిలోనే ఆరిపోయింది.
ఆ పొద్దు ముగ్గురం టీ తాగినాం.

చైత్రంలో పెంకుముక్క మీద గుడ్లు.
సగం తొట్టి నిషేధం.
ఎవర్నీ తియ్యలా నేను,
మూడు రాళ్ళు అడ్డం పెట్టినా, అంతే.
కన్ను కన్నుకు తగలకుంటే
సగం తగాదా పుట్టనే పుట్టదు.

పెనుమూరు గుర్రప్ప అవన్నీ చూసినాడు
నా బెంచీ మీద కూచోని.
నాలుగో బోరు, వెయ్యిన్నూరడుగులు,
వచ్చింది తెల్లటి దుమ్ము.
మోటారు కాలింది, నా కాడికి తెచ్చినాడు.
శానాసేపు తొట్టినే చూసి
"నీళ్ళు మారుస్తావా?" అన్నాడు.
"శనివారం శనివారం, రెండు బకెట్లు."
"తీసిన నీళ్ళో?"

మోరీ పక్క చూసినా.
నోటికి మాట రాలా.

ఇప్పుడు అంగడి వెనక బొప్పాయి చెట్టుండాది.
చేపల మురికి తాగి నా ఎత్తు దాటింది.
ఆ రెండు బకెట్లూ హేమావతి మోస్తాది.

గుర్రప్ప మోటారు మాత్రం తొట్టి పక్కనే ఉండాది.
కొత్త తీగ చుట్టి ఆర్నెల్లాయె.
నీళ్ళు పడితే వస్తానన్నాడు.
సాయంత్రం ఎండ దాని రాగి మీద పడితే
ఫైర్‌మౌత్ గాజు దగ్గరికొచ్చి
గొంతు ఉబ్బిస్తాది,
ఎవరో కొత్తోడు వచ్చినాడనుకోని.