పేరు సుంకం

హెక్సమ్ లైబ్రరీ వెనక గదిలో
తీసేయాల్సిన పుస్తకాల బండి.
అట్టడుగున ఆకుపచ్చ అట్ట, వెన్ను ఊడింది.
ఫీబీ చార్ల్‌టన్, తపాలా ఆఫీసు గుమాస్తా,
రాసింది ఇదొక్కటే నవల.

చివరి పేజీకి అంటించిన చీటీ మీద
తొమ్మిదే తేదీలు.
ఆఖరిది యాభై రెండు నాటిది.

అందులో ఒక నది ఉంది.
దాటడానికి డబ్బు పనికిరాదు,
నీ పేరు తిరగేసి చెప్పాలి.
తప్పు పలికావా, అవతలి ఒడ్డున
నిన్నెవరూ గుర్తుపట్టరు.

ఆ తొమ్మిది మందిలో ఎవరు ఎవరికి చెప్పారో,
ఏ అవ్వ ఏ మనవడి జ్వరం పక్కన కూర్చుని
సగం మరిచి సగం కల్పించిందో,

ఇందాక పిల్లల మూలలో
ముందు పళ్ళూడిన కుర్రాడొకడు
చెల్లెల్ని అడ్డగించి
"పేరు తిరగేస్తేనే వంతెన" అన్నాడు.
ఎవరు నేర్పారంటే భుజాలెగరేశాడు:
"అందరికీ తెలుసుగా!"

రద్దు ముద్ర చేతిలోనే ఉంది, సిరా ఆరిపోతోంది.
పదో తేదీ నేనే వేసుకుని
పుస్తకం కోటులో దోపుకుని బయటపడ్డాను.

టైన్ వంతెన మీద వాన.
ఎవరూ లేరని చూసుకుని
పెదాల మీదే నా పేరు తిరగేశాను.
మధ్యలో ఒక అక్షరం తడబడింది.

అవతల బస్సు డ్రైవరు
రోజూలాగే తలూపిందాకా
ఊపిరాడలేదు.